ఆరోగ్యవరం: మన సీమలో డేనిష్ గుర్తు



డెన్మార్క్ అనగానే మనవాళ్లకు ఏం గుర్తొస్తుంది? చిన్నపిల్లలున్న ఇంట్లో అయితే కాళ్లకు గుచ్చుకునే లెగో ముక్కలు. కథలు చదివినవాళ్లకు హాన్స్ క్రిస్టియన్ ఆండర్సన్. కోపెన్‌హాగన్ వెళ్లొచ్చినవాళ్ల ఫోనులో అయితే రేవు ఒడ్డున బండ మీద కూర్చున్న మత్స్యకన్య ఫొటో ఉండి తీరుతుంది. ఆండర్సన్ కథలోని పిల్లే ఆమె. కంచు విగ్రహం. 1913 ఆగస్టులో అక్కడ పెట్టారు. ఎత్తు మీటరుంబావు, అంతే. అంత దూరం పోయి చూసినవాళ్లు ‘ఓస్, ఇంతేనా!’ అని పెదవి విరవడం ఆ ఊరివాళ్లకు అలవాటైపోయింది.

దాదాపు ఆ రోజుల్లోనే డేనిష్‌వాళ్ల చేతి గుర్తు ఒకటి మన సీమలోనూ పడింది. దాన్ని చూడటానికి వీసా అక్కర్లేదు. తిరుపతిలో మదనపల్లె బస్సెక్కి, పీలేరు, వాయల్పాడు దాటి దిగితే చాలు. మదనపల్లెకు కొద్ది మైళ్లలో ఆరోగ్యవరం. పాతతరం వాళ్లు ఆ పేరు కూడా వాడరు, ‘శానిటోరియం’ అంటారు. 2022 దాకా అది చిత్తూరు జిల్లా. జిల్లాలు విడదీశాక లెక్క మారింది గానీ, దాని చరిత్రంతా చిత్తూరు జిల్లా చరిత్రే. జిల్లా పుట్టిందే 1911లో. ఆ మరుసటి ఏడాదే ఈ ఆసుపత్రికి అంకురం పడింది.

మదనపల్లె గొప్పలు చెప్పమంటే ఆ ఊరివాళ్లు ఆగకుండా చెబుతారు. టమోటా మార్కెట్టు, పట్టుచీరలు, జిడ్డు కృష్ణమూర్తి పుట్టిన ఊరు, 1919లో రవీంద్రనాథ్ టాగూరు వచ్చి జనగణమనను ఇంగ్లీషులో రాసిన కాలేజీ. ఈ వరసలో శానిటోరియం ఎక్కడో చివర వస్తుంది, ఒక్కోసారి రాదు కూడా. కారణం ఊహించడం కష్టం కాదు. కాలేజీలో చదివామని అందరూ చెప్పుకుంటారు. క్షయ వచ్చి శానిటోరియంలో పడుకున్నామని ఎవరు చెప్పుకుంటారు? ఇంట్లో పెళ్లి కావలసిన పిల్లలుంటే అసలు నోరే ఎత్తరు. ఎందరి జీవితాలనో తాకిన చోటు జ్ఞాపకాల్లో ఇంత పలచగా మిగలడం వెనక ఆ జబ్బు చుట్టూ ఉన్న నామోషీ ఉంది.

ఇంతకీ డెన్మార్క్‌వాళ్లకు దక్షిణాదితో పని ఏమిటి? మొదట వచ్చింది మిరియాల కోసం. రాజు నాలుగో క్రిస్టియన్ 1616లో ఈస్టిండియా కంపెనీ పెట్టాడు. 1620లో ఓవె గెడ్డె అనే సేనాని ఓడలేసుకొని కోరమాండల్ తీరానికి చేరాడు. అప్పుడు తంజావూరు గద్దె మీద ఉన్నది మన తెలుగు నాయకరాజు రఘునాథ నాయకుడు. స్వయంగా తెలుగులో కావ్యాలు రాసినవాడు, చేమకూర వెంకటకవిని పోషించినవాడు. ఆయన డేనిష్‌వాళ్లకు తరంగంబాడి అనే జాలరిపల్లెను ఏటా కట్టే కౌలు మీద ఇచ్చాడు. డెన్మార్క్ రాజుకు బంగారు రేకు మీద ఉత్తరం రాయించి పంపాడు. అది ఇప్పటికీ కోపెన్‌హాగన్‌లో భద్రంగా ఉంది. తరంగంబాడి సముద్రపుటొడ్డున వాళ్లు కట్టుకున్న డాన్స్‌బోర్గ్ కోట కూడా నిలిచే ఉంది. మన మచిలీపట్నంలోనూ ఒక దుకాణం తెరిచారు. అయితే ఇంగ్లీషువాళ్ల ముందు, డచ్చివాళ్ల ముందు డేనిష్ వ్యాపారం ఎప్పుడూ అంతంతమాత్రమే. 1845లో తరంగంబాడిని బ్రిటిష్‌వాళ్లకు అమ్మేసి చేతులు దులుపుకున్నారు.

వ్యాపారం మిగల్చనిది చదువు మిగిల్చింది. 1706లో డెన్మార్క్ రాజు పంపిన మిషనరీలు తరంగంబాడిలో దిగి, కొన్నేళ్లకే అచ్చుయంత్రం తెప్పించి తమిళ పుస్తకాలు వేశారు. ఆ మిషన్‌లోకే తర్వాత వచ్చిన బెంజమిన్ షుల్జ్ 1726లో మద్రాసుకు మారి, అక్కడ తెలుగు నేర్చుకున్నాడు. మనిషి జర్మన్, పంపింది డేనిష్ రాజు, నేర్చింది తెలుగు. స్వదేశం వెళ్లాక 1746, 47 ప్రాంతాల్లో హాలె అనే ఊళ్లో తెలుగు పుస్తకాలు అచ్చు వేయించాడు. తెలుగు అక్షరాలు అచ్చులో కనబడిన తొలి పుస్తకాలివే. మన అక్షరం మొదట అచ్చయింది గోదావరి ఒడ్డునా కాదు, కృష్ణ ఒడ్డునా కాదు. జర్మనీలో!

ఇక క్షయ సంగతి. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో యూరపును అన్నిటికంటే ఎక్కువగా పీడించిన జబ్బుల్లో ఇదొకటి. చలిదేశం, మూసిన కిటికీలు, కిక్కిరిసిన కూలివాడలు. కోపెన్‌హాగన్‌లో నీల్స్ ఫిన్సెన్ అనే వైద్యుడు చర్మానికి వచ్చే క్షయను వెలుతురుతో నయం చేయవచ్చని చూపించి 1903లో నోబెల్ బహుమతి అందుకున్నాడు. ఎండ దొరకని దేశంలో ఎండకు ఉన్న విలువను కనిపెట్టాడన్నమాట.

అదే ఊళ్లో ఐనార్ హోల్‌బోల్ అనే పోస్టల్ ఉద్యోగి ఉండేవాడు. డిసెంబరు వచ్చిందంటే పోస్టాఫీసులో ఉత్తరాలు గుట్టలు పడతాయి. డేనిష్‌వాళ్లకు క్రిస్మస్ అంటే అంత పెద్ద పండుగ. ఇరవైనాలుగో తేదీ రాత్రి ఇంటిల్లిపాదీ చేతులు పట్టుకొని, కొవ్వొత్తులు వెలిగించిన చెట్టు చుట్టూ పాడుతూ తిరుగుతారు. ఎరుపు తెలుపు కాగితాలు అల్లి గుండె ఆకారంలో చిన్న బుట్టలు చేసి చెట్టుకు వేలాడదీస్తారు. భోజనం చివర అన్నంతో చేసిన తియ్యటి వంటకం వడ్డిస్తారు. మన పరమాన్నానికి దూరపు చుట్టం అనుకోండి. అందులో ఒకే ఒక్క బాదంపప్పు ఉంటుంది. అది ఎవరి గిన్నెలో పడితే వాళ్లకు బహుమతి. పప్పు దొరికినవాళ్లు బుగ్గలో దాచుకొని, మిగతావాళ్లు గిన్నె ఖాళీ చేసేదాకా ఏమీ ఎరగనట్టు కూర్చుంటారు.

హోల్‌బోల్‌కు వచ్చిన ఆలోచన ఇది: ప్రతి పండుగ ఉత్తరం మీద తపాలాబిళ్ల పక్కన ఇంకో చిన్న బిళ్ల అంటిస్తే? దాని ధర అతి తక్కువ, వచ్చిన డబ్బంతా క్షయ వచ్చిన పిల్లలకు. రాజు ఒప్పుకున్నాడు. 1904 క్రిస్మస్‌కు రాణి బొమ్మతో తొలి బిళ్ల వచ్చింది. ఆ ఒక్క పండుగకే నలభై లక్షల పైచిలుకు అమ్ముడుపోయాయి. ఆ డబ్బుతో కోల్డింగ్‌లో పిల్లల శానిటోరియం కట్టారు. మూడేళ్లకు అమెరికా ఈ పద్ధతిని అందుకుంది, తర్వాత ఎన్నో దేశాలు. మన దేశంలో 1950 నుంచి టీబీ అసోసియేషన్ అమ్మిన టీబీ సీళ్లకు మూలం అదే. రెండు అడ్డగీతల ఎర్ర శిలువ ఉన్న ఆ బిళ్లలు స్కూల్లో కొనుక్కున్నవాళ్లు ఈ ప్రసంగం వింటున్నవారిలో చాలామందే ఉంటారు. పోస్టాఫీసు గుమాస్తాల పేర్లు చరిత్రలో నిలవడం అరుదు. ఇతని పేరు నిలిచింది.

అలాంటి దేశం నుంచి డేనిష్ మిషనరీ సొసైటీ తరఫున దక్షిణాదికి వచ్చిన వైద్యుడు క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్. ఇక్కడ కూడా క్షయ తక్కువేం లేదు. కానీ క్షయకు ప్రత్యేకంగా ఆసుపత్రులు దాదాపు లేవు. ఒక్కో మిషన్ విడివిడిగా కడితే కుదిరే పని కాదు. అందుకని దక్షిణాదిలోని పలు మిషన్లు కలిసి ఒకే శానిటోరియం పెట్టాయి. ‘యూనియన్ మిషన్ టీబీ శానిటోరియం’ అని పేరు పెట్టడం అందుకే. దానికి తొలి వైద్యాధికారి ఈ ఫ్రిమోట్ మోలరే. 1912లో మొదలైన ప్రయత్నం 1915 నాటికి ఆరోగ్యవరంలో సొంత చోట కుదురుకుంది.

మదనపల్లెనే ఎందుకు ఎంచుకున్నారు? పటం తీస్తే తెలుస్తుంది. సముద్రమట్టానికి రెండువేల అడుగుల పైచిలుకు ఎత్తు. చిత్తూరు, తిరుపతి మాడిపోతున్న మే నెలలో కూడా అక్కడ రాత్రిళ్లు కాస్త ఊపిరాడుతుంది. మద్రాసు తేమ లేదు, నీలగిరుల వాన లేదు, వణికించే చలీ లేదు. పొడిగాలి. పాకాల నుంచి ధర్మవరం పోయే మీటర్‌గేజి రైలు అప్పట్లో దగ్గరలోనే ఆగేది కాబట్టి మద్రాసు నుంచి జబ్బుమనిషిని కాట్పాడి, పాకాల మీదుగా తీసుకురాగలిగేవాళ్లు. రాయలసీమకు శాపంగా మనం చెప్పుకునే వానలేమిని వరంగా లెక్కేసినవాళ్లు బహుశా ఈ శానిటోరియం డాక్టర్లే.

అప్పటికి క్షయకు మందు లేదు. స్ట్రెప్టోమైసిన్ కనిపెట్టడానికి ఇంకా ముప్పయ్యేళ్లు ఉంది. ఉన్న వైద్యమల్లా గాలి, విశ్రాంతి, తిండి. తెరిచిన వరండాల్లో మంచాలు. పొద్దున్నే ఉష్ణోగ్రత, సాయంత్రం ఉష్ణోగ్రత, వారానికోసారి బరువు. చార్టులో గీత అర డిగ్రీ పైకి లేచిందంటే నడక బంద్, పుస్తకం బంద్, మాటలు కూడా తగ్గించాలి. పాలు, గుడ్లు, మాంసం. కళ్లె ఎక్కడపడితే అక్కడ ఉమ్మకూడదు, మూత ఉన్న పాత్రలోనే. కొందరికి పక్కటెముకల మధ్యనుంచి సూది దించి, ఊపిరితిత్తి చుట్టూ గాలి ఎక్కించి దాన్ని ముడుచుకునేలా చేసేవాళ్లు. కదలకుండా ఉంటే పుండు మానుతుందని. ఎక్కించిన గాలిని ఒళ్లు పీల్చేసుకుంటుంది గనుక కొన్ని రోజులకోసారి మళ్లీ సూది. ఇలా నెలలు, ఒక్కోసారి ఏళ్లు. చంటిబిడ్డను ఇంట్లో వదిలి వచ్చిన తల్లికి ఆ నెలలు ఎలా గడిచాయో ఏ చార్టూ చెప్పదు.

దేశంలో టీబీ అసోసియేషన్ 1939లో ఏర్పడినప్పుడు ఢిల్లీ పిలిచింది ఈ మదనపల్లె డాక్టరునే. మెడికల్ కమిషనర్‌గా అక్కడ కూర్చొని ఆయన గట్టిగా వాదించిన విషయం ఒకటుంది. ఇన్ని లక్షలమందికి శానిటోరియం మంచాలు ఎన్నటికీ సరిపోవు, ఇంటి దగ్గరే క్రమపద్ధతిలో వైద్యం అందించే ఏర్పాటు కావాలని. జీవితమంతా శానిటోరియం నడిపిన మనిషి నోటినుంచి ఈ మాట రావడం చిన్న సంగతి కాదు.

తర్వాత పగ్గాలు కొడుకు చేతికి వచ్చాయి. ఆయన పేరు యొహానెస్ ఫ్రిమోట్ మోలర్. తండ్రి కాలం గాలీ వెలుతురూ అయితే కొడుకు కాలం టీకా. రెండో ప్రపంచయుద్ధం అయిపోగానే డేనిష్ రెడ్‌క్రాస్ యూరపులో క్షయ రాకుండా బీసీజీ టీకాలు వేయడం మొదలుపెట్టింది. నార్వే, స్వీడన్ తోడయ్యాయి, యూనిసెఫ్ డబ్బిచ్చింది. కోపెన్‌హాగన్‌లోని స్టేట్ సీరం ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన డాక్టర్ యొహానెస్ హోల్మ్ దానికి సారథి. ఆ ఉద్యమం మన దేశానికి వచ్చినప్పుడు బీసీజీ మొదట అడుగుపెట్టిన చోట్లలో మదనపల్లె ఒకటి. అది 1948. స్వాతంత్ర్యం వచ్చి ఏడాది.

టీకా వేయడం అంటే ఇప్పటిలా పుట్టిన బిడ్డకు ఒక సూది వేసి పంపడం కాదు. ముందు ముంజేతి మీద చర్మంలోకి ట్యుబర్కులిన్ చుక్క ఎక్కిస్తారు. మూడోరోజు మళ్లీ రావాలి. అక్కడ గట్టిపడిన వాపును చిన్న స్కేలుతో మిల్లీమీటర్లలో కొలుస్తారు. వాపు ఉంటే ఆ ఒంటికి క్షయక్రిమి పరిచయం అయిపోయిందని లెక్క, టీకా వద్దు. లేకపోతే భుజానికి బీసీజీ. వేరుశనక్కాయ కోతల రోజుల్లో, జీతగాళ్లు అడివికి మేకలు తోలుకుపోయే పల్లెల్లో, అదే మనిషి మూడోరోజు దొరకాలంటే ఆ సిబ్బంది ఎన్ని గుమ్మాలు ఎక్కి దిగి ఉంటారో ఆలోచించండి. 1950 నుంచి 55 దాకా మదనపల్లెనూ చుట్టుపక్కల పల్లెలనూ ఇలా మనిషి మనిషి లెక్కన చూశారు. ఎక్స్‌రేలు తీశారు, కళ్లె పరీక్షించారు. ఆ అధ్యయనాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రిక 1960లో వంద పేజీల పైచిలుకు అచ్చువేసింది.

టీకాను అందరూ ఆహ్వానించలేదు. మద్రాసులో గట్టి వ్యతిరేకత వచ్చింది. అంతకు ముందు ఏడాది దాకా ముఖ్యమంత్రిగా ఉన్న రాజాజీయే 1955లో బీసీజీని నేను ఎందుకు వ్యతిరేకిస్తున్నానో చెబుతానంటూ చిన్న పుస్తకం వేశారు. రుజువు కాని మందును పిల్లలకు మూకుమ్మడిగా వేస్తారా అని ఆయన ప్రశ్న. ఆయన వాదనలో అన్నీ నిలబడలేదు. కానీ రుజువు ఏదీ అన్న ప్రశ్న మాత్రం సరైనదే. దానికి జవాబు వెతికిన చోట్లలో మన మదనపల్లె పల్లెలూ ఉన్నాయి.

జవాబు ఇదీ. ట్యుబర్కులిన్‌కు వాపు రానివాళ్లను ఒకటి విడిచి ఒకటి పద్ధతిలో రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు టీకా, రెండోదానికి లేదు. ఏళ్ల తరబడి గమనించి 1973లో ప్రకటించిన లెక్క: టీకా వేసుకున్న 5,069 మందిలో 33 మందికి క్షయ వచ్చింది. వేసుకోని 5,808 మందిలో 47 మందికి. శాతాల్లో చూస్తే టీకా వల్ల తగ్గింది దాదాపు ఐదోవంతు. ఇదే టీకాను బ్రిటన్‌లో పరీక్షిస్తే వేసుకున్న 13,598 మందిలో 62 మందికీ, వేసుకోని 12,867 మందిలో 248 మందికీ క్షయ వచ్చింది. అంటే అక్కడ ముప్పాతిక పైగా రక్షణ. ఇక్కడ ఐదోవంతు. తర్వాత చెంగల్పట్టులో ఇంకా పెద్ద ఎత్తున చూశారు. రెండు జట్లలోనూ 88,391 మంది చొప్పున. టీకా జట్టులో 505 మందికి క్షయ, మరో జట్టులో 499 మందికి. తేడా లేనే లేదు.

ఎందుకిలా? భూమధ్యరేఖకు దగ్గరి దేశాల మట్టిలో, నీళ్లలో క్షయక్రిమికి దాయాదుల్లాంటి సూక్ష్మజీవులు బోలెడు. చిన్నప్పటినుంచీ వాటితో మెలిగిన ఒంటికి టీకా కొత్తగా నేర్పేది తక్కువని ఒక వివరణ. దాని మీద చర్చ ఇంకా తెగలేదు. పసిపిల్లల్లో మెదడుకు పాకే క్షయనుంచి మాత్రం బీసీజీ బాగా కాపాడుతుందని తేలింది కాబట్టే ఇప్పటికీ పుట్టగానే వేస్తున్నారు.

డేనిష్‌వాళ్లు మనకిచ్చిన వాటిలో మిక్కిలి విలువైనది ఏదంటే, కోటకంటే, అచ్చుయంత్రంకంటే ఈ 33, 47 అంకెలనే ముందు పెట్టాలి. ఒక్కసారి ఆలోచించండి. బీసీజీ మీద డెన్మార్క్‌కు ఎంత పట్టుదల ఉందంటే, మద్రాసు గిండీలో బీసీజీ తయారుచేసే ప్రయోగశాల తర్వాత వాడిన రకం పేరే ‘డేనిష్ 1331’. ఆ టీకాను దేశదేశాలకు మోసుకుపోయింది డేనిష్ డాక్టర్లు. పరీక్ష చేసిన ఆసుపత్రి డేనిష్ కుటుంబం రెండు తరాలు నడిపినది. ఫలితం మాత్రం వాళ్లు ఆశించినంత గొప్పగా రాలేదు. అయినా వచ్చింది వచ్చినట్టు అచ్చువేశారు. 1994లో అమెరికా పరిశోధకులు ప్రపంచంలోని బీసీజీ ప్రయోగాలన్నీ గుదిగుచ్చినప్పుడు ఎంచుకున్న 13 ప్రయోగాల్లో మదనపల్లె ఒకటి. వేర్వేరు అధ్యయనాల ఫలితాలను కలిపి లెక్కించడం నేర్చుకునే స్టాటిస్టిక్స్ విద్యార్థులు ఈనాటికీ సాధన చేసేది ఆ 13 వరసల పట్టికతోనే. అక్షాంశం అన్న గడిలో మదనపల్లెకు ఎదురుగా 13 అని ఉంటుంది. ఆ కుర్రాళ్లలో ఎక్కువమందికి మన టమోటా మార్కెట్టు సంగతి తెలియదు.

క్షయకు మందులు వచ్చాక శానిటోరియాల కాలం ముగిసింది మద్రాసులోనే. 1956లో చేట్‌పట్‌లో పెట్టిన క్షయ పరిశోధన కేంద్రం 193 మంది రోగులను రెండు జట్లు చేసి, సగంమందిని శానిటోరియంలో ఉంచింది, సగంమందికి ఇంటికే మాత్రలిచ్చింది. ఏడాది తర్వాత చూస్తే ఇరుకిళ్లలో, అరకొర తిండితో ఉన్నవాళ్లూ దాదాపు సమానంగా కోలుకున్నారు. ఇంట్లోవాళ్లకు అదనంగా జబ్బు అంటుకోలేదు. 1959లో ఆ ఫలితం అచ్చవగానే ప్రపంచమంతటా వరండా మంచాలు ఖాళీ కావడం మొదలైంది. పెద్ద ఫ్రిమోట్ మోలర్ ఢిల్లీలో వాదించింది ఇదే కదా. ఆరోగ్యవరం కూడా మెల్లగా అన్ని జబ్బులూ చూసే మెడికల్ సెంటర్‌గా మారింది.

అయితే శానిటోరియం తిండిని చులకన చేయడానికి లేదని ఈమధ్య తేలింది. 2023లో జార్ఖండ్‌లో జరిగిన అధ్యయనంలో క్షయరోగి ఇంటివాళ్లకు బియ్యం, పప్పు, విటమిన్లు అందిస్తే వాళ్లలో కొత్తగా జబ్బు పడేవాళ్లు సుమారు నలభైశాతం తగ్గారు. ప్రభుత్వం రోగికి పోషణకని నెలకు 500 రూపాయలిచ్చే పథకాన్ని 2024లో వెయ్యికి పెంచింది. వెయ్యి రూపాయలకు ఇప్పుడు ఎన్ని గుడ్లు, ఎన్ని లీటర్ల పాలు వస్తాయో శ్రోతలకు వేరే చెప్పక్కర్లేదు.

టీకా కథా ఆగలేదు. పుట్టినప్పుడు వేసిన బీసీజీ పెద్దయ్యాక పనిచేయకపోతే, పెద్దవాళ్లకే ఇంకోసారి వేసి చూస్తే ఎలా ఉంటుందని 2024లో దేశంలోని పలు రాష్ట్రాల్లో వయోజనులకు టీకా వేయడం మొదలుపెట్టారు. ఇంతకుముందు క్షయ వచ్చి తగ్గినవాళ్లు, రోగి ఇంట్లో ఉన్నవాళ్లు, షుగరున్నవాళ్లు, అరవై దాటినవాళ్లు, బక్కచిక్కినవాళ్లు, పొగ తాగేవాళ్లు ఆ జాబితాలో ఉన్నారు. వేసుకున్నవాళ్లనూ వేసుకోనివాళ్లనూ పక్కపక్కన పెట్టి లెక్కతీస్తారు. ఊరూరా తిరిగి, మనిషిని వెతికి పట్టుకొని, రిజిస్టరులో పేరు రాసుకునే ఆ పని ఇప్పుడు ఆశా కార్యకర్తల చేతుల్లో ఉంది.